ఏ నరం?

తెలుగులో ‘నరం’ అనే మాటతో మనం ఎంత చాకిరీ చేయించుకుంటున్నామో ఒకసారి లెక్కవేయండి. ముంజేతి మీద పచ్చగా తేలి కనిపించేది నరం. నర్సు సూది గుచ్చడానికి వెతికేదీ నరమే. నిద్రలో మెడ పట్టేస్తే ‘నరం పట్టింది’ అంటాం. కాలు తిమ్మిరెక్కితే ‘నరం నొక్కుకుంది’ అంటాం. పరీక్షల ముందు మనకొచ్చే దడకి ఇంట్లోవాళ్ళు పెట్టే పేరు ‘నరాల బలహీనత’. మొదటి రెండింట్లో పారేది రక్తం. తక్కినవాటిలో రక్తం ఊసే లేదు. కన్నడలో ‘నర’ కూడా అచ్చం ఇట్లాగే రెండు పనులూ చేస్తుంది. కాబట్టి బెంగళూరులో భాష మార్చి తప్పించుకుందామన్నా కుదరదు.

ఈ ఒక్క మాట పోయిన శ్రావణంలో మా ఇంట్లో నాలుగు రోజులు పెట్టిన ఇబ్బంది గురించి క్లాసులో చెప్తే, వ్యాకరణం చెప్పే మేడమ్ ‘గోడ పత్రికకు రాసివ్వు’ అన్నారు. అందుకే ఇది.

మా తాతది కె.ఆర్. మార్కెట్‌లో పూల వ్యాపారం. సొంతూరు హిందూపురం దగ్గర పల్లె. కరువులకి తట్టుకోలేక ఇరవై ఏళ్ళ వయసులో ఇక్కడికి వచ్చినాడు. ఇప్పుడు 66. తెల్లవారి మూడున్నరకి మార్కెట్‌లో ఉంటాడు. అంగడికి బోర్డు లేదు, తాత గొంతే బోర్డు. కన్నడం వాళ్ళొస్తే ‘మల్లిగె, మొళక్కె ఎష్టు’ అనే బేరం, తెలుగువాళ్ళొస్తే ‘మూర ఇంత’, తమిళం వాళ్ళొస్తే వాళ్ళ ‘ముళం’. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉన్న ఒకే కొలతకి మూడు మాటలు, మూడూ ఒకే గొంతులోంచి గడగడా వచ్చేస్తాయి. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

వరమహాలక్ష్మి పండగకి పది రోజులు ఉందనగా ఒక తెల్లవారుజామున తాత ఎడమ కన్నుకి పైనుంచి తెర దించినట్టు చీకటి అయింది. నొప్పి లేదు. పది నిమిషాల్లో తెర తనంతట తనే లేచిపోయింది. పూలు తూకం వేసి ఇచ్చి, తొమ్మిదయ్యాక మార్కెట్ పక్కనే ఉన్న కంటి ఆసుపత్రికి నడుచుకుంటూ పోయినాడు. కంట్లో పొర వచ్చి ఉంటుందనే అనుకున్నాడు. అక్కడి డాక్టరమ్మ కళ్ళు చూసి, బీపీ చూసి, బీడీ సంగతి అడిగి, స్టెతస్కోపు తీసుకుపోయి మెడ మీద పెట్టిందట. “కంటికి పోతే మెడ చూస్తారేందబ్బా” అని తాత ఇంటికొచ్చి నవ్వినాడు. ఆమె రాసిచ్చిన చీటీతో మెడకి డాప్లర్ స్కాన్ తీయిస్తే, ఎడమవైపు పెద్ద రక్తనాళం ఎనభై శాతం మూసుకుపోయి ఉంది.

ఆ రక్తనాళం పేరు కెరోటిడ్ ధమని. గొంతుముడికి పక్కన వేళ్ళు పెడితే కొట్టుకునేది అదే. దవడ కిందికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ మొహానికి, ఇంకొకటి మెదడుకి. చీలిన చోట ఏళ్ళ తరబడి కొవ్వు, సున్నం పేరుకుంటాయి. బీడీ, బీపీ, షుగరు దానికి తోడు. అక్కడి నుంచి చిన్న తునక ఊడి పైకి పోతే, అది ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నష్టం. కంటికి పోయే సన్న కొమ్మలో ఇరుక్కుని, కరిగి, వదిలేసింది కాబట్టి తాతకి పది నిమిషాల చీకటితో పోయింది. అదే తునక మెదడులో నిలిచిపోయి ఉంటే పక్షవాతం. డాక్టర్లు దీన్ని హెచ్చరిక కిందే లెక్క వేస్తారు. ఇట్లాంటిది వచ్చిన రెండు వారాల లోపల ఆపరేషన్ చేస్తేనే ఎక్కువ లాభం అన్నారు. తాతేమో పండగ అయ్యాక చూద్దామన్నాడు. వరమహాలక్ష్మి వారంలో మల్లెల ధర ఎట్లా ఎగురుతుందో బెంగళూరులో ఉండే మీకు చెప్పనక్కరలేదు. అవ్వ మాత్రం “లక్ష్మి వచ్చేసరికి నువ్వు ఉండల్ల గదా” అని ఒక్క మాట అనింది. అంతే.

సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం ఇంగ్లీషులోనూ కన్నడలోనూ ఉంది. ఇంట్లో అవ్వకి తెలుగులో చదివి చెప్పాల్సింది నేను. మొదటి లైను: ఈ ఆపరేషన్ పక్షవాతం రాకుండా చేయడానికి. మూడో లైను: ఈ ఆపరేషన్ వల్ల పక్షవాతం రావచ్చు. అవ్వ నా మొహం చూసింది.

“రాకుండా చేసేదానికి పోతే వస్తాది అంటారేమే?”

అవ్వ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఎవరైనా అడగాల్సిందే. రక్తనాళాన్ని కోసి లోపలి పాచిని ఒలిచి తీసేటప్పుడు ఒక తునక జారి పైకి పోవచ్చు. ఒలిచేంతసేపూ రక్తాన్ని బిగించి ఆపుతారు, ఆ కాసేపు అటువైపు మెదడుకి చాలకపోవచ్చు. కుట్టేశాక కుట్టు దగ్గర రక్తం గడ్డ కట్టవచ్చు. మరి అయినా ఎందుకు చేయించుకోవడం? దీనికి లెక్క ఉంది. ఉత్తర అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. తాత మాదిరే హెచ్చరిక వచ్చి, 70 శాతం పైన మూసుకున్నవాళ్ళలో, మందులతోనే ఉన్న ప్రతి 100 మందిలో 26 మందికి రెండేళ్ళలో అటువైపు మెదడుకి పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో 9 మందికే వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద వచ్చినవి కూడా ఆ 9లో కలిసే ఉన్నాయి. అప్పటికంటే ఇప్పటి మందులు మేలు, కాబట్టి నేటి అంకెలు కొంచెం వేరుగా ఉండవచ్చు. అవ్వకి నేను ఇరవై ఆరు చిక్కుడు గింజలు ఒకవైపు, తొమ్మిది ఇంకోవైపు పోసి చూపించినా. ఆమె గింజలు ఎత్తి డబ్బాలో పోసుకుని “సరే పెట్టు సంతకం” అనింది.

ఈ ఆపరేషన్ మరీ పాతదేమీ కాదు. 1953లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ ఒక బస్సు డ్రైవరుకి చేశాడు. ఆయన ఆ తర్వాత 19 ఏళ్ళు బతికాడు. 1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఒక 66 ఏళ్ళ ఆమెకి ఇదే రక్తనాళం మీద ఆపరేషన్ చేశారు. కొన్ని నెలల్లోనే ఆమెకి 33 సార్లు మా తాతకి వచ్చినట్టు వచ్చి పోయాయట. మెదడుకి రక్తం తగ్గినా ఓర్చుకోవాలని ఆమె ఒంటిని చల్లబరిచి చేశారు. ఆ 33 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముప్పైమూడు సార్లు చీకటి పడి, ముప్పైమూడు సార్లు ఏమీ కానట్టు వంటింట్లోకి పోయి ఉంటుంది కదా ఆవిడ!

తాతకి పూర్తిగా మత్తు ఇవ్వలేదు. మెడ వరకే మొద్దుబార్చారు. రక్తం బిగించినప్పుడు మెదడు ఎట్లా ఉందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదట, మనిషిని మాట్లాడించడమే. కుడిచేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారు. పిల్లల బొమ్మే. ఎడమ మెదడు కుడిచేతిని నడిపిస్తుంది కాబట్టి, బొమ్మ అరిచినంతసేపూ మెదడుకి రక్తం అందుతున్నట్టు. తాత లోపల బొమ్మ నొక్కుతూ, డాక్టరు అడిగిన వాటికల్లా పూల ధరలు చెప్పినాడంట. పూర్తి మత్తు ఇచ్చినా ఇట్లా మెలకువగా చేసినా ఫలితంలో పెద్ద తేడా లేదని 2008లో యూరప్‌లో తేల్చారు. కానీ ఇది విన్నాక మా ఇంట్లో అందరికీ కొంచెం ధైర్యం వచ్చింది. కీచుబొమ్మ మీద పెట్టుకున్న నమ్మకం అది.

మర్నాడు పొద్దున నేనూ చిన్నాయనా వార్డులోకి పోయేసరికి తాత లేచి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏదో అన్నాడు. ముద్దముద్దగా ఉంది. నోట్లో వక్కపొడి వేసుకుని మాట్లాడినట్టు ఉంది. గొంతు కూడా బొంగురు. నవ్వబోతే కింది పెదవి ఎడమవైపు కదలలేదు, నోరు వంకరపోయింది. నీళ్ళు తాగితే పొరబోయి దగ్గు.

చిన్నాయన అక్కడే గోడకి ఆనుకుని “అయిపాయె” అన్నాడు.

అప్పుడే రౌండ్లు ముగించుకుని పోతున్న ఒక డాక్టరు, చిన్నాయన వెంటపడి అడిగితే, నడుస్తూనే కన్నడలో “నర స్వల్ప ఎళెదిదె, సరిహోగుత్తె” అని వెళ్ళిపోయినాడు. నరం కొంచెం లాగింది, సర్దుకుంటుంది అని. మాటలో అబద్ధమేమీ లేదు. కానీ మా ఇంట్లో ‘నరం’ అంటే ఆ వారమంతా ఒకటే అర్థం: మూసుకుపోయిన మెడ నరం, కోసి శుభ్రం చేసిన నరం. ఆ నరమే లాగిందంటే ఏమర్థం? కుట్లు పీకినాయి. మళ్ళీ మూసుకుంది. పక్షవాతం వచ్చేసింది. మధ్యాహ్నానికి హిందూపురం దాకా ఫోన్లు పోయినాయి. సాయంత్రానికి పెద్దత్త ఊరి నుంచి దిగింది. వాళ్ళ ఊరి దగ్గర ఎవరో పక్షవాతానికి పసరు పోస్తారట. మూడు మోతాదులు. పథ్యం ఏమిటంటే ఇంగ్లీషు మందు ఒక్కటి కూడా మింగరాదు.

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. కొత్తగా కుట్టిన రక్తనాళంలో గడ్డ కట్టకుండా తాతకి ఆస్పిరిన్ ఇస్తున్నారు. బీపీ మాత్ర ఇస్తున్నారు. అవి ఆపి పసరు పోయిస్తే, రాని పక్షవాతానికి మందు వేయబోయి నిజమైన దాన్ని పిలిచి తెచ్చుకున్నట్టే. చిన్నాయన డిశ్చార్జి కాగితం కోసం తిరగడం మొదలుపెట్టినాడు. అవ్వ ఎవరి మాటా కాదనలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాత కాళ్ళ దగ్గర కూర్చుంది.

రాత్రి డ్యూటీకి వచ్చిన చిన్న డాక్టరమ్మది కడప. మా గొడవ తెలుగులో వినబడి ఆగింది. ఆమె ఒక్క ముక్క మందు మార్చలేదు. పదిహేను నిమిషాలు కూర్చుని చూపించింది, అంతే.

“తాతా, నాలిక చాపు.”

తాత నాలిక చాపితే నిట్టనిలువుగా రాలేదు. ఎడమకి ఒరిగిపోయింది.

“రెండు చేతులూ ముందుకి చాపి కళ్ళు మూసుకో.” చేతులు రెండూ సమానంగా నిలబడ్డాయి. కుడిచెయ్యి జారలేదు. “నా వేళ్ళు నలుపు.” నలిపినాడు, ఆమె ‘అబ్బా’ అనింది. వాచీ చూపించి ఇదేంది అంటే చెప్పినాడు. మాట ముద్ద, కానీ చెప్పింది గడియారమే. తర్వాత కాగితం, పెన్ను ఇచ్చి ఏదైనా రాయమనింది. అయిదో తరగతి చదివిన తాత, కుడిచేత్తో, గుండ్రటి అక్షరాలతో రాసింది ఇది: మల్లె 40 మూరలు, కాకడ 25, కనకాంబరం బాకీ. ఎవరి బాకీయో పేరు కూడా రాసినాడు. ఆ పేరు ఇక్కడ వద్దులెండి.

అప్పుడామె మా అందరికీ కలిపి చెప్పింది. మెదడు అడ్డం తిరిగి నడుపుతుంది. ఎడమ మెదడు దెబ్బతింటే కుడిచెయ్యి, కుడికాలు, మొహంలో కుడివైపు పోతాయి. నాలిక చాపితే కుడికే ఒరుగుతుంది. కుడిచేతివాటం వాళ్ళలో ఎక్కువమందికి మాటల గిడ్డంగి కూడా ఎడమ మెదడులోనే. అది పోతే గడియారాన్ని చూసి పేరు తట్టదు, చెప్పింది అర్థం కాదు, రాయబోతే రాత కూడా పోతుంది. తాతకి ఆపరేషన్ చేసింది ఎడమ మెడలో. లోపాలన్నీ ఉన్నది ఎడమవైపే. ఆపరేషన్ వైపే లోపం ఉంటే మెడలోని తీగ సంగతి, ఎదురువైపు ఉంటే మెదడు సంగతి. మాట పోలేదు, నాలిక తడబడుతోంది. ఈ రెండూ వేరు.

(ఇది నేను ఇక్కడ ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. మనలో ఎవరింట్లోనైనా ఇట్లా జరిగితే ఇది చూసి ఇంట్లోనే తేల్చుకోమని కాదు. మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి జారినా ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాల్సిందే. తేల్చాల్సింది వాళ్ళు. కానీ వాళ్ళు ఏం చూస్తున్నారో మనకి తెలిస్తే పసరు దాకా పోము.)

మెడలో ఆ చీలిక దగ్గర స్థలం చాలా ఇరుకు. నాలికని కదిలించే తీగ సరిగ్గా రక్తనాళాన్ని దాటుకుంటూ పోతుంది. గొంతుతాళ్ళకి పోయే తీగ రక్తనాళంతో పాటు ఒకే ఒరలో దిగుతుంది. కింది పెదవిని కిందికి లాగే సన్న తీగ దవడ అంచున ఉంటుంది. చెవి తమ్మెకి స్పర్శనిచ్చేది పైపైనే ఉంటుంది. రక్తనాళం అందాలంటే వీటిని పక్కకి తప్పించి పట్టుకోవాలి. తెగకపోయినా, ఆ లాగుడికి, వాపుకి కొన్నాళ్ళు మొద్దుబారిపోతాయి. 2010లో వచ్చిన ఇంకో పెద్ద అమెరికా పరిశోధనలో ఈ ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో దాదాపు 5 మందికి ఇట్లా తల నరాలు దెబ్బతిన్నాయి. కోయకుండా స్టెంట్ వేసినవాళ్ళలో ఇది దాదాపు లేదు. కానీ వాళ్ళలో పక్షవాతం కొంచెం ఎక్కువ. ఏ దారిలోనైనా ఏదో ఒకటి కట్టాల్సిందే. తీగల దెబ్బలు చాలావరకు నెలల్లో మానుతాయని డాక్టరమ్మ చెప్పింది.

“తీగ” అన్నది మొదట అవ్వ. డాక్టరమ్మ ‘నర్వ్’ అనీ, ‘ఆర్టరీ’ అనీ, మళ్ళీ ‘నరం’ అనీ అంటుంటే అవ్వ చాలాసేపు విని అడిగింది.

“అమ్మా, మా చేన్లో బోరు ఉండాది. మోటరు లోపలికి దించితే నీళ్ళ పైపు, కరెంటు తీగ రెండూ ఒకే బొక్కలో పోతాయి. పైపు పాచి పట్టిందని బయటికి లాగితే ఒక్కోసారి తీగ గీసుకుంటాది. ఇదీ అట్లాంటిదేనా?”

డాక్టరమ్మ పెన్ను జేబులో పెట్టుకుంటూ “ఇంతకన్నా మా ప్రొఫెసర్ కూడా చెప్పలేరు” అనింది. చిన్నాయన నెత్తి గోక్కున్నాడు. పెద్దత్త మాత్రం పసరు మాట ఇంకో రెండుసార్లు ఎత్తింది, పైపు తీగ లెక్క ఆమెకి నచ్చలేదు. కానీ ఆ రాత్రికి డిశ్చార్జి మాట ఆగిపోయింది.

ఆరో రోజు ఇంటికొచ్చాక ఎడమ కణత వెనకాల తలనొప్పి మొదలైంది. ఇది వేరే కథ, ఇందులో తీగ తప్పు లేదు. ఏళ్ళ తరబడి సన్నని ధారకి అలవాటు పడిన మెదడు, పైపు తెరుచుకుని ఒక్కసారిగా పెద్ద ధార వస్తే అదుపు చేసుకోలేదు. బీపీ ఎక్కువుంటే మరీ. తలనొప్పితో మొదలై ఫిట్స్, మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికే. దీనికోసమే ఇంటికి పంపేటప్పుడు ‘ఒకవైపు తలనొప్పి వస్తే వెంటనే రండి’ అని రాసిచ్చారు. ఇంట్లో మిషన్‌తో చూస్తే బీపీ 190. ఆటోలో పోయినాం. స్కాన్‌లో రక్తస్రావం లేదు, రెండు రోజులు పెట్టుకుని బీపీ దించి పంపించారు. ఈసారి చిన్నాయన ఎవరినీ ‘ఏ నరం’ అని అడగలేదు. “పైపా, తీగా?” అని అడిగినాడు. డ్యూటీలో ఉన్న ఆయనకి అర్థం కాలేదు, పాపం.

ఇక మన డిపార్ట్‌మెంట్‌కి సంబంధించిన సంగతి. మొదటి సెమిస్టరులో వర్ణోత్పత్తి స్థానాలు బట్టీ పట్టాం గుర్తుందా? కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. అప్పుడు దాన్ని నేను రెండు మార్కుల ప్రశ్నగానే చూశాను. తాత పక్కన కూర్చుని ఆయన మాట వింటుంటే ఆ పట్టిక కళ్ళముందు కదిలింది. నోట్‌బుక్కులో అయిదు గళ్ళు గీసి, తాతకి తెలిసిన పూల పేర్లే అడిగాను. పెదవులతో పలికే ప, బ, మ బాగానే ఉన్నాయి. ‘పాప’ అని నన్ను పిలిస్తే తేడానే లేదు. క, గ ఫరవాలేదు. నాలిక కొస పైపళ్ళ దాకా పోవాల్సిన త, ద, ల కొంచెం జారాయి. కొస వెనక్కి మడిచి అంగిలికి తగిలించాల్సిన ట, డ, ణ, ళ మాత్రం పూర్తిగా చెదిరిపోయాయి. ‘కాకడ’లో ‘కాక’ దాకా శుభ్రంగా వచ్చి ‘డ’ దగ్గర కూలబడేది. ‘మరువం’లో ర మింగుడుపడేది. అన్నిటికంటే కష్టం ‘మొళ’. రోజుకి వెయ్యిసార్లు అనే మాట. అది ‘మొల’గా, ఒక్కోసారి ‘మొయ’గా బయటికొచ్చేది. “మల్లెలు రెండు మొల” అని తనే అని, తనే నవ్వి, దగ్గు తెచ్చుకున్నాడు.

నోట్‌బుక్కు తీసుకుపోయి ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుకి చూపించాను. ఆమె కన్నడ, మలయాళం తెలిసిన మనిషి. తెలుగు రాదు. పట్టిక మాత్రం వెంటనే అర్థమైంది, కన్నడ వర్ణమాల వరస కూడా ఇదే కదా. తాతకి ఇంటిదగ్గర చేయడానికి నాలిక వ్యాయామాలు, ట-డ-ణ-ళ మాటల జాబితా ఇచ్చింది. తెలుగు జాబితా నన్నే రాయమనింది. అట్ల, గుడ్డ, గోణి, తాళం, పళ్ళెం, కళ్ళెం… ఇట్లా అరవై మాటలు రాశాను. పలచని నీళ్ళకంటే చిక్కటి రాగి జావ మేలని, మింగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు వంచమని నేర్పింది. అవ్వకి జావ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇది చదువుతున్నప్పుడే ఇంకో విషయం తెలిసింది. మనకి గర్వంగా ఉండేది. హైదరాబాదు నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి, సువర్ణ అల్లాడి గారు, తోటివాళ్ళు 2016లో ‘స్ట్రోక్’ అనే వైద్యపత్రికలో ఫలితం ప్రకటించారు. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో 40.5 శాతం మందికి పక్షవాతం తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నాయి. ఒకే భాష వాళ్ళలో 19.6 శాతం మందికే. అయితే మాట పోవడం విషయంలో రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. ఆ తర్వాత ఆవిడ మన బెంగళూరు నిమ్హాన్స్‌కి వచ్చారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడే మామూలు హైదరాబాదు జనం మీద చేసిన పని ఇది. మార్కెట్‌లో మూడు భాషల్లో బేరమాడే మనిషి ఇంట్లో ఉన్న నాకు, ఆ అంకెలు చదువుతుంటే తాత కనిపించాడు. తాతకి పక్షవాతం రాలేదు, ఆ లెక్క ఆయనకి వర్తించదు. కానీ రాకూడదని కోరుకుంటూనే, వస్తే ఆ మూడు భాషలు కొంత కాపు కాస్తాయేమో అనుకోవడం మనిషి స్వభావం.

నాకు ఒక అసంతృప్తి మిగిలి ఉంది. ‘ధమని’, ‘సిర’, ‘నాడి’ అని మనకి మంచి మాటలు పుస్తకాల్లో ఉన్నాయి. వార్డులో ఒక్కరు కూడా వాటిని అనలేదు. నేను అని చూశాను, అవ్వకి ధమని అంటే ఏదో సీరియల్ పేరులా వినిపించింది. నాడి అంటే చెయ్యి పట్టుకుని చూసేది, అది మళ్ళీ రక్తమే! కొత్త మాటలు పుట్టించి జనం నోట్లో పెట్టడం కంటే, వాళ్ళ దగ్గరున్న పైపునీ తీగనీ తెచ్చి కాగితాల్లో పెట్టడమే తేలిక అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. మేడమ్ ఒప్పుకోరు. ‘రక్తనాళం’ అందరికీ అర్థమవుతుంది కదా అంటారు. రక్తం అనే మాట అందులోనే ఉంది కాబట్టి ఆవిడ చెప్పిందీ నిజమే. దీని మీద మీలో ఎవరికేమనిపిస్తే పక్క బోర్డు మీద చీటీ గుచ్చండి.

తాత విషయానికొస్తే: నెలన్నరకి గొంతు తిరిగొచ్చింది. మూడో నెలకి పెదవి సమమైంది. నాలిక ఇంకా వెంట్రుకవాసి ఎడమకి పోతుంది, తెలిసినవాళ్ళకే కనబడుతుంది. ఎడమ చెవి తమ్మె మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది. గడ్డం గీయించుకుంటుంటే అక్కడ కత్తి ఉందో లేదో తెలియడం లేదని మంగలికి ముందే చెప్పి కూర్చుంటాడు. బీడీ మానేసినాడు, ఆ దిగులు మాత్రం మానలేదు. కన్నడం వాళ్ళు వస్తే ఇప్పటికీ ‘మొళ’ అనకుండా మోచెయ్యి చాపి చూపించి ధర చెప్తాడు. వాళ్ళకి అర్థమవుతుంది. జనవరిలో మళ్ళీ డాప్లర్ స్కాన్ ఉంది. సంక్రాంతి ముందు చామంతి రేటు బాగుంటుంది, ఆ తేదీ మార్పించమని రోజూ నా వెంట పడుతున్నాడు. అవ్వ కుదరదంటోంది.